దమయంతి క్లాసుకు రాలేదు

కడలి దమయంతి కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరిన ఏడాదే తుంగలమెట్ట సాంకేతిక విశ్వవిద్యాలయానికి స్వేచ్ఛ వచ్చింది.

అంతకు ముందు అక్కడ బానిసత్వం రాజ్యమేలుతుండేది. ఆఫీసు గోడకు టైంటేబుల్ అంటించేవారు. పిల్లలు దాన్ని చూసుకుని, ఏ గదిలో ఏ పాఠమో తెలుసుకుని, వెళ్ళి కూర్చుని, నేర్చుకుని, పరీక్ష రాసి, డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయేవారు. ఇంత దారుణం ఏళ్ళ తరబడి జరుగుతున్నా ఎవరూ నోరెత్తలేదు. చివరికి వైస్ చాన్సలర్ గారు ఒక సదస్సుకు వెళ్ళి, భోజనాల తర్వాతి ప్రసంగంలో మెలకువగా ఉన్న కాసేపట్లో, ప్రపంచమంతటా విద్యార్థి తన చదువును తానే ఎంచుకుంటున్నాడని విన్నారు. తిరిగొచ్చిన మర్నాడే గోడ మీది టైంటేబుల్ పీకించేశారు. దాని స్థానంలో పోర్టల్ వచ్చింది. పోర్టల్ వెనకాలే ‘డీన్, స్వేచ్ఛా వ్యవహారాలు’ అనే పదవి వచ్చింది. ఆ పదవిలోకి దంతుర్తి సర్వోత్తమరావు గారు వచ్చారు.

దమయంతిది కోనసీమలో కాలవ గట్టు మీది ఊరు. తండ్రి సత్తిరాజు కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. హైస్కూల్లో ఎవరో దానం చేసిన పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఓ రోజు ఆ పిల్ల రెండు లైన్లు టైపు చేసింది. అంతే, కంప్యూటర్ ‘దమయంతి, దమయంతి’ అంటూ ఆగకుండా రాసుకుంటూ పోయింది. హెడ్మాస్టరు కంగారుపడి ప్లగ్గు పీకేదాకా అది ఆగలేదు. చెప్పిన మాట ఇంత బుద్ధిగా వినే జీవిని దమయంతి అంతవరకూ చూడలేదు. అప్పుడే నిర్ణయించుకుంది, చదివితే ఇదే చదవాలని.

కొత్తగా చేరిన పిల్లలందరినీ సభామందిరంలో కూర్చోబెట్టి డీన్ గారు డిగ్రీ నిబంధనలు వివరించారు. డిగ్రీ రావాలంటే ఐదు బుట్టలు నిండాలి. మూల బుట్ట, నైపుణ్య బుట్ట, విలువల బుట్ట, ఐచ్ఛిక బుట్ట, తప్పనిసరి ఐచ్ఛిక బుట్ట.

“ఐచ్ఛికము అనగా విద్యార్థి ఇష్టపడునది. తప్పనిసరి ఐచ్ఛికము అనగా విద్యార్థి తప్పనిసరిగా ఇష్టపడవలసినది,” అన్నారు డీన్ గారు. చప్పట్లు కొట్టడం కూడా విలువల బుట్ట కిందికే వస్తుందేమోనని పిల్లలు గట్టిగా కొట్టారు.

పోర్టల్ తెరిచిన రోజు పొద్దున దమయంతి హాస్టల్ మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని మొట్టమొదట ప్రోగ్రామింగ్ సబ్జెక్టు నొక్కింది. ఎర్రక్షరాలు వచ్చాయి: ‘ఈ సబ్జెక్టు తీసుకొనుటకు ముందుగా ఆల్గారిథమ్స్ నందు ఉత్తీర్ణులై ఉండవలెను.’ సరే కాబోలనుకుని ఆల్గారిథమ్స్ నొక్కింది. మళ్ళీ ఎర్రక్షరాలు: ‘ముందుగా ప్రోగ్రామింగ్ నందు ఉత్తీర్ణులై ఉండవలెను.’ ఇటు నొక్కి, అటు నొక్కి, మళ్ళీ ఇటు నొక్కేసరికి మిగతా సబ్జెక్టుల్లో సీట్లు కూడా అయిపోయి, మిగిలినదాన్ని పోర్టలే తనంతట తాను అంటగట్టింది.

“నాకు పట్టుపురుగుల పెంపకం వచ్చిందే,” అంది పక్క మంచం మీది గ్లోరీ. ఆమె ఏలూరు పిల్ల, వాళ్ళమ్మ నర్సు. “నీకేమొచ్చింది?”

“నాకూ పట్టుపురుగులే.”

“మంచిదే. ఉద్యోగం రాకపోతే చీరలైనా వస్తాయి.”

దమయంతికి నవ్వు రాలేదు. లేచి చున్నీ సర్దుకుని డీన్ ఆఫీసుకు బయలుదేరింది.

“ప్రోగ్రామింగ్‌కి ఆల్గారిథమ్స్ పాసవ్వాలంటుందండి. ఆల్గారిథమ్స్‌కేమో ప్రోగ్రామింగ్ పాసవ్వాలంటుందండి,” అని చెప్పుకుంది.

“సత్యము,” అన్నారు సర్వోత్తమరావు గారు.

“మరి ముందు ఏది తీసుకోవాలండి?”

“అదియే నీ స్వేచ్ఛ.”

దమయంతి కాసేపు అర్థం చేసుకోవడానికి ప్రయత్నించింది. డీన్ గారికి జాలి వేసింది.

“చూడమ్మాయీ. ప్రోగ్రామింగ్ కమిటీ వారు విద్యార్థికి పునాది గట్టిగా ఉండవలెనన్నారు. ఆల్గారిథమ్స్ కమిటీ వారూ పునాది గట్టిగానే ఉండవలెనన్నారు. ఒకే భవనానికి రెండు పునాదులు వేసిన విద్యాసంస్థ మనది.”

“ఎక్కడానికి మెట్లు లేవు కదండీ.”

“మెట్ల విషయం ఇంజినీరింగ్ విభాగం వారు చూచుకొందురు. కోరుకునే హక్కు మా కార్యాలయ పరిధిలోనిది. నీవు నిరభ్యంతరముగా కోరుకొనవచ్చును. దొరికే హక్కు మా పరిధిలోనిది కాదు.”

ఆ ఏడాది దమయంతి పట్టుపురుగుల పెంపకంలో ఫస్టు క్లాసు తెచ్చుకుంది. పురుగులు, పాపం, ఏ అర్హతా అడక్కుండానే ఆకు తిన్నాయి.

ఇలా ఎవరికీ ఏదీ దొరక్కపోవడంతో పిల్లలు గోలపెట్టారు. గోలను అకడమిక్ కౌన్సిల్ చాలా తీవ్రంగా తీసుకుంది. లోపం రిజిస్ట్రేషన్‌లో ఉందా, పిల్లల్లో ఉందా అని రోజంతా చర్చించి, పిల్లల్లోనే ఉందని సాయంత్రం టీల వేళకు తేల్చింది. పిల్లలకు రిజిస్ట్రేషన్ చేసుకోవడం రావడం లేదు. రానిది నేర్పడమే విశ్వవిద్యాలయం పని. కాబట్టి ‘రిజిస్ట్రేషన్ శాస్త్రం’ అనే కొత్త సబ్జెక్టు పెట్టి, అందరికీ తప్పనిసరి చేసింది.

సబ్జెక్టు అన్నాక ల్యాబ్ ఉండాలి. కంప్యూటర్ సైన్స్ ల్యాబులోని కంప్యూటర్లన్నీ రిజిస్ట్రేషన్ ల్యాబుకు తరలించారు. ల్యాబ్ అన్నాక రికార్డు ఉండాలి. పోర్టల్ మొదటి పేజీ బొమ్మను పెన్సిల్‌తో గీసి, భాగాలు గుర్తించి, సంతకం చేయించుకోవాలి. పరీక్షలో దమయంతికి వచ్చిన ప్రశ్న: ‘సర్వర్ పడిపోయిన వేళ విద్యార్థి వహించవలసిన ఓర్పును గూర్చి వ్యాసము రాయుము.’ మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దమనిషి ‘సబ్మిట్’ మీట రంగేమిటని అడిగాడు. ఎప్పుడూ అందాకా వెళ్ళలేదని దమయంతి నిజం చెప్పింది. మార్కులు తగ్గాయి.

మరుసటి ఏడు రిజిస్ట్రేషన్ శాస్త్రం రెండో భాగం వచ్చింది. దాని వెనక విభాగం, విభాగానికి అధిపతి, అధిపతి కింద పరిశోధక విద్యార్థులు వచ్చారు. తనిఖీకి వచ్చిన బృందం ల్యాబు చూసి మురిసిపోయింది. ఇంతమంది పిల్లలు ఇంత దీక్షగా, రెప్ప వేయకుండా తెర వంక చూడటం దేశంలో మరెక్కడా చూడలేదని మెచ్చుకుని గ్రేడు పెంచి వెళ్ళింది. అవతల సర్వర్ పడిపోయి ఉందని వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఈ హడావిడిలో ఓ మధ్యాహ్నం దమయంతి ఏదో గది వెతుక్కుంటూ పాత బిల్డింగు పై అంతస్తుకు వెళ్ళింది. అక్కడ ఓ పెద్దాయన సుద్దముక్క పట్టుకుని ఖాళీ బెంచీలకు పాఠం చెబుతున్నాడు. బోర్డు మీద రెండు లైన్లున్నాయి. చిన్నప్పుడు తాను టైపు చేసినవాటికి అన్నదమ్ముల్లాంటి లైన్లు. దమయంతి గుమ్మంలో ఆగిపోయింది.

“ఇది ఏం క్లాసండీ?”

“ప్రోగ్రామింగమ్మా,” అన్నాడాయన. పప్పల భానోజీ మాష్టారు, శ్రీకాకుళం మనిషి.

“పిల్లలేరండీ?”

“రాడానికి వీల్లేదు గదమ్మా. ఎవులికీ సీటు దొరకదు. నాను మాత్రం రావాల. పాఠం చెప్పకపోతే జీతం ఆపేస్తారట.”

“నేను వచ్చి కూర్చోవచ్చాండీ?”

మాష్టారు బెదిరిపోయి అటూ ఇటూ చూశాడు. “లోపల కూకోకూడదమ్మా. నీ పేరు లేదు గదా. వరండాలో నిలబడ్డానికైతే మాత్రం ఇంకా ఏ నిబంధనా రాలేదు.”

ఆ రోజు నుంచి దమయంతి వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఆయన బెంచీల వంక చూస్తూ చెప్పేవాడు. ఆమె ఊచల్లోంచి అడిగేది. ఆయన బెంచీలకు జవాబు చెప్పేవాడు. వానొస్తే గ్లోరీ గొడుగు పట్టుకుని పక్కన నిలబడేది. ఆమె గొడుగు కోసమే వచ్చానంటూనే సగం పాఠం నేర్చేసుకుంది. తప్పు పోయిన చోటు తనంతట తాను పట్టుకున్న రోజున దమయంతికి అన్నం కూడా సహించేది కాదు, సంతోషానికి. భానోజీ మాష్టారికి కూడా అరవయ్యోపడిలో ఓ శిష్యురాలు దొరికినందుకు గొంతు పెద్దదైంది.

నాలుగో ఏడు విశాఖపట్నం నుంచి ఓ కంపెనీ ఉద్యోగాలివ్వడానికి వచ్చింది. చిన్న ప్రోగ్రాం రాయమంది. క్యాంపస్ మొత్తం మీద రాసిన మనిషి దమయంతి ఒక్కతే. తక్కినవాళ్ళు తమకు వచ్చిన విద్య ప్రకారం ఓర్పు వహించారు. “ఉద్యోగం మీదే. డిగ్రీ చేతికి రాగానే వచ్చి చేరండి,” అన్నాడు కంపెనీ ఆఫీసరు విశ్వంభర్. ఊళ్ళో సత్తిరాజు, కాలిపోయిన మోటారు తెచ్చిన ప్రతివాడికీ ముందు ఆ కబురు చెప్పి, తర్వాతే మోటారు విప్పేవాడు.

ఇక మిగిలింది చివరి సెమిస్టర్. దమయంతికి నాలుగు బుట్టలు నిండిపోయి పొర్లుతున్నాయి. మూల బుట్టలో మాత్రం రెండు సబ్జెక్టులు కావాలి. అవి ఏవో వేరే చెప్పనక్కర్లేదు.

ఆమె నిబంధనల పుస్తకం తెచ్చుకుని మొదటి నుంచీ చదివింది. దాన్ని పూర్తిగా చదివిన మనిషి, రాసినవాళ్ళతో కలిపి, ఆమె ఒక్కతే. ‘ప్రస్తుతము చదువుచున్న సబ్జెక్టును తాత్కాలికముగా ఉత్తీర్ణమైనట్లు భావించవచ్చును’ అని ఓ మూల ఉంది. అంటే రెండు సబ్జెక్టులనూ ఒకే క్షణంలో నొక్కగలిగితే, ఇది దానికీ అది దీనికీ పూచీ పడతాయి. మనిషి వేళ్ళ వల్ల అయ్యే పని కాదు. దమయంతి ఓ చిన్న ప్రోగ్రాం రాసింది.

పోర్టల్ తెరిచిన నిమిషంలో పని అయిపోయింది. ముందు తనకూ, తర్వాత గ్లోరీకీ, ఆ తర్వాత ‘నాక్కూడా, నాక్కూడా’ అని మంచం చుట్టూ మూగిన హాస్టలు పిల్లలందరికీ. నాలుగేళ్ళలో తొలిసారి భానోజీ మాష్టారి క్లాసు నిండింది. ఆ రోజు మాష్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మర్నాడు దమయంతికి క్రమశిక్షణ సంఘం నుంచి నోటీసు వచ్చింది.

సంఘానికి అధ్యక్షులు సర్వోత్తమరావు గారే. సబ్జెక్టు గురువు కనుక భానోజీ మాష్టారిని కూడా పిలిపించి వెనక కుర్చీలో కూర్చోబెట్టారు.

“నీవు రిజిస్ట్రేషన్ చేసుకొనుటకు యంత్రసహాయము పొందినట్లు అభియోగము. ఒప్పుకొందువా?”

“కంప్యూటర్‌కి పని చెప్పానండి. నేను కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్‌ని కదండీ.”

“అది డిగ్రీ పేరు. దానిని మనసుకు తీసుకోరాదు.” డీన్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “అంతకంటె ఘోరమైనది రెండవ అభియోగము. ప్రోగ్రామింగ్ సబ్జెక్టులో ఇంతవరకూ నీకు సీటు లేదు. అయినను నీకు ప్రోగ్రామింగ్ వచ్చును. ఇది అనధికార విద్యార్జన. ఎవరు నేర్పిరి?”

దమయంతి తల వంచుకుంది. “ఎవరూ లేరండీ. నేనే నేర్చుకున్నాను.”

“పేరు చెప్పినచో శిక్ష తగ్గును.”

“ఎవరూ లేరండీ.”

వెనక కుర్చీ చప్పుడైంది. “నానే నేర్పినానండి,” అంటూ భానోజీ మాష్టారు లేచి నిలబడ్డాడు. “పాఠం చెప్పమన్నారు, చెప్పినాను. కిటికీ మూయమని ఎవులూ చెప్పనేదు.”

దమయంతికి కళ్ళు చెమ్మగిల్లాయి. సంఘానికి మాత్రం కలం కదిలింది. ఉపాధ్యాయుడు విద్యార్థికి చదువు చెప్పినట్టు స్వయంగా అంగీకరించడంతో విచారణ త్వరగా ముగిసింది. మాష్టారిని రిజిస్ట్రేషన్ శాస్త్ర విభాగానికి బదిలీ చేశారు. అక్కడైతే ఎవరికీ ఏమీ వచ్చే ప్రమాదం లేదు. పిల్లల రిజిస్ట్రేషన్లు కూడా రద్దు చేద్దామన్నారు గానీ పోర్టల్‌లో రద్దుకు మీట లేదు. పెట్టించాలంటే టెండరు పిలవాలట. అందుచేత ఎవరి సీటు వాళ్ళకే ఉండిపోయింది.

దాంతో కొత్త చిక్కు వచ్చి పడింది. ఆల్గారిథమ్స్‌కు ఇబ్బంది లేదు. అది వీడియోలో వచ్చే పాఠం. ప్రోగ్రామింగ్‌లో మాత్రం పిల్లలున్నారు, గురువు లేడు. అవతల తనిఖీ బృందం మళ్ళీ వస్తానని కబురు పెట్టింది. విశ్వవిద్యాలయమంతా గాలిస్తే ప్రోగ్రామింగ్ వచ్చినట్టు ఆధారం ఉన్న మనిషి ఒక్కతే దొరికింది. ఆ ఆధారం కూడా క్రమశిక్షణ సంఘం నిర్ధారించినది.

డీన్ గారు దమయంతిని పిలిపించారు.

“నేరము రుజువైనది కనుక అర్హతయు రుజువైనట్లే,” అన్నారు. “నిన్ను అతిథి అధ్యాపకురాలిగా నియమించడమైనది.”

“నేను ఆ క్లాసులో స్టూడెంట్‌నండీ!”

“రెండును వేర్వేరు ఫైళ్ళు.”

దమయంతి వద్దందామనుకుంది. తాను వద్దంటే క్లాసు లేదు, క్లాసు లేకపోతే గ్లోరీ సహా అందరి డిగ్రీలూ ఆగిపోతాయి. మర్నాడు దమయంతి, గ్లోరీ దగ్గర అరువు తీసుకున్న చీర కట్టుకుని, సుద్దముక్క పుచ్చుకుని, పాత బిల్డింగు మెట్లెక్కింది.

ఆమె బాగా చెప్పింది. మాష్టారు బెంచీలకు చెప్పిన పాఠాన్నే మనుషులకు చెప్పింది. ఓ వారానికి పిల్లలు ఆమెను ‘మేడమ్’ అనడం మానలేదు గానీ నవ్వడం మానేశారు. నెలలు గడిచేకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. తనిఖీ బృందం వచ్చి చూసి, పిల్లలు ఏవో మాట్లాడుకుంటున్నారని, క్రమశిక్షణ పూర్వంలా లేదని రాసుకుని వెళ్ళింది.

సెమిస్టర్ చివర హాజరు లెక్కలు వచ్చాయి. గ్లోరీకి నిండా హాజరు. మిగతావాళ్ళకూ ఢోకా లేదు. ‘కడలి దమయంతి’ అన్న పేరు పక్కన సున్నా ఉంది. హాజరు లేనివాళ్ళు పరీక్ష రాయడానికి వీల్లేదు. ఏడాది ఆగి మళ్ళీ చదవాలి.

దమయంతి డీన్ గదిలోకి దాదాపు పరిగెత్తింది. “నేను రోజూ క్లాసులోనే ఉన్నానండీ!”

“ఉన్నావు. బల్లకు ఏ వైపున?”

“పాఠం చెప్పేది నేనే కదండీ!”

“అధ్యాపకుల యంత్రంలో నీ వేలిముద్ర రోజూ పడినది. విద్యార్థుల యంత్రంలో ఒక్కనాడూ పడలేదు.”

“రెంటిలోనూ వెయ్యాల్సిందాండీ?”

“ఒకే వేలు ఒకే గంటలో రెండు యంత్రములపై పడినచో అది దొంగ హాజరు. విద్యార్థినిగా డిబార్, అధ్యాపకురాలిగా డిస్మిస్.” డీన్ గారు లేచి నిలబడ్డారు, గొంతు మారింది. “ఇక అధ్యాపకురాలి హోదాలో తమకొక మనవి, మేడమ్. హాజరు తగ్గిన విద్యార్థి తండ్రిని పిలిపించి, సబ్జెక్టు చెప్పిన గురువే మందలించవలెనని నిబంధన. దయచేసి తమరు ఎల్లుండి సిద్ధంగా ఉండండి.”

సత్తిరాజు ఉతికిన చొక్కా వేసుకుని, పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. డీన్ గదిలో బల్లకు అవతల కుర్చీలో కూతురు కూర్చుని ఉంది. పక్కన డీన్ గారు, మినిట్స్ రాయడానికి గుమాస్తా ఉన్నారు. సత్తిరాజు నిలబడే ఉన్నాడు. బడిలో మాష్టారి ముందు కూర్చోవడం అతనికి అలవాటు లేదు.

“కూర్చో నాన్—” అని, “కూర్చోండి,” అంది దమయంతి.

అతను కూతురి మొహంలోకి చూశాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న మొహం అది. మోటారు ఎక్కడ కాలిందో మూత విప్పకుండానే వాసన పట్టే మనిషి. విషయం సగం అర్థమైంది. మర్యాదగా చేతులు కట్టుకున్నాడు.

“ఆయ్, చెప్పండి మేడంగారూ. ఏం చేసిందండీ మా పిల్ల?”

“మీ అమ్మాయి ఈ సెమిస్టర్ ఒక్క రోజు కూడా బెంచీ మీద కూర్చోలేదండి.”

“అలాగాండీ! మరెక్కడికి పోయేదంటారు?”

“ఎక్కడికీ పోలేదండి. నా కళ్ళముందే ఉంది.”

గుమాస్తా కలం ఆగింది. “రాయుము,” అన్నారు డీన్ గారు.

“తెలివైందేనాండీ?” అన్నాడు సత్తిరాజు.

“తెలివైందేనండి.”

“మరి వచ్చే ఏడు కూడా ఈ పాఠం తమరే చెప్తారాండీ?”

“తప్పక,” అన్నారు డీన్ గారు. “విద్యార్థుల స్పందన అత్యుత్తమము. మేడమ్ గారికి పునర్నియామకపు ఉత్తర్వు సిద్ధముగా ఉన్నది.”

సత్తిరాజు కాసేపు లెక్క కట్టుకున్నాడు. “అయితే మేడంగారూ, తమరు పాఠం చెప్పినన్నాళ్ళూ మా పిల్ల తప్పుద్దండి. తమరు మానేస్తే పాఠమే ఉండదండి. ఇది కాలిన తీగ ఒకటి మారిస్తే బాగయ్యేది కాదండి. వైరింగే తేడా.” చేతులెత్తి దణ్ణం పెట్టాడు. “మేడంగారూ, సెలవిప్పించండి. మా పిల్లని నాతో తీసుకుపోతాను.”

“ఆగవలెను,” అన్నారు డీన్ గారు. “ఉద్యోగము వచ్చిన విద్యార్థి తప్పినచో, కారణములు తెల్పుచు కంపెనీకి లేఖ రాయవలసిన బాధ్యతయు సబ్జెక్టు గురువుదే. మేడమ్, అది పూర్తిచేసి వెళ్ళండి.”

దమయంతి అక్కడే కూర్చుని, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న కాగితం మీద, గురువుగారి హోదాలో ఇలా రాసింది:

‘కడలి దమయంతి అనే విద్యార్థిని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నా క్లాసులో ఆమె ఒక్క రోజు కూడా కూర్చోలేదు. ఒక్క పాఠం కూడా వదల్లేదు. నాతో సమానంగా ప్రోగ్రామింగ్ వచ్చు. మా నిబంధనల ప్రకారం ఆమెకు డిగ్రీ ఇవ్వడం ఎప్పటికీ వీలుకాదు. ఇట్లు, కడలి దమయంతి, అతిథి అధ్యాపకురాలు.’

డీన్ గారు చదివి, నిబంధనలకు లోబడే ఉందని సంతృప్తి చెంది, తన సంతకం కూడా పెట్టారు.

విశాఖపట్నంలో విశ్వంభర్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. కింది సంతకం చూసి పై పేరు చూశాడు. పక్క సీట్లోవాళ్ళను పిలిచి చదివించాడు. తర్వాత ఫోన్ చేశాడు.

“మీ టీచరుగారూ మీరూ ఒకరేనాండీ?”

“అవునండీ.”

“అయితే డిగ్రీ సంగతి వదిలెయ్యండి. సోమవారం వస్తారా?”

దమయంతి సోమవారం వెళ్ళి చేరింది. ఆ వేసవిలోనే గ్లోరీ డిగ్రీ పుచ్చుకుని అక్కడికే వచ్చింది. ఆ క్లాసు పిల్లలు ఇంకొందరు కూడా వచ్చారు. భానోజీ మాష్టారికి తొలి జీతంతో దమయంతి ఓ మంచి గొడుగు కొనిచ్చింది. సత్తిరాజు ఇప్పుడు మోటారు తెచ్చినవాళ్ళకు కబురు కొంచెం పొడుగ్గా చెబుతున్నాడు.

తుంగలమెట్టలో మాత్రం అకడమిక్ కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది. ఆ సాయంత్రమే సర్వోత్తమరావు గారి సంతకంతో సర్క్యులర్ వెలువడింది:

‘ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవారందరూ విశ్వవిద్యాలయాన్ని విడిచి వెళ్ళిపోవుచున్నట్లు కౌన్సిల్ దృష్టికి వచ్చినది. కావున విద్యార్థుల శ్రేయస్సు దృష్ట్యా సదరు సబ్జెక్టును కంప్యూటర్ సైన్స్ డిగ్రీ నుండి శాశ్వతముగా తొలగించడమైనది.’